గర్భంలో సూది పరీక్ష - మన భయాలు
(మనుబోలులో జరిగిన పెన్షనర్ల సమావేశంలో ఒక సభ్యుని ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి అయితే గంటసేపు మాట్లాడగలను. ఈవేళ మా ఇంటి సంగతి చెబుతాను, మన్నించండి.

మా పెద్దవాడికి నా చెల్లెలి కూతుర్నే చేసుకున్నాం. మొదటి మనవడికి ఏడాది నిండకముందే ఒళ్లు పాలిపోయింది. తలసీమియా అన్నారు. మూడు నాలుగు వారాలకోసారి నెల్లూరు తీసుకెళ్లి రక్తం ఎక్కిస్తున్నాం. తల్లిదండ్రులిద్దరిలోనూ ఆ లక్షణం దాగి ఉంటే ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు ప్రమాదమే. ఒకసారి వచ్చింది గనుక ఇక రాదనుకోవడానికి లేదు.

కోడలు మళ్లీ నెల తప్పింది. మద్రాసులో ముందుగా పరీక్ష చేయించమన్నారు డాక్టరమ్మ. "కడుపులో సూది గుచ్చితే బిడ్డ దక్కుతుందా?" అని అడ్డుపడింది నేనే. వారం రోజులు ముఖం ముడుచుకుని కూర్చున్నాను. చివరికి కోడలే, "మామయ్యా, పెద్దోడికి సూది గుచ్చినప్పుడల్లా పట్టుకునేది నేనే గదా" అనింది. ఇక నోరెత్తలేదు.

నా భయం వట్టిది కాదని డాక్టరమ్మే ఒప్పుకున్నారు. మావి నుంచి చిటికెడు ముక్క తీసే ఈ పరీక్షను మరీ తొందరపడి, 8, 9 వారాలకే చేసినచోట కొందరు బిడ్డలు కాళ్లు చేతుల లోపాలతో పుట్టారని 1991లో ఆక్స్‌ఫర్డ్ వైద్యులు ప్రకటించారు. అందుకే ఇప్పుడు 10 వారాలు నిండనిదే చేయరు. ఉమ్మనీరు తీసే పరీక్షకైతే 15 వారాలు నిండాలి. 11, 12 వారాలకే నీరు తీస్తే పాదం వంకర తిరిగిన బిడ్డలు నూటికి ఒకరికి పైగా పుట్టారని 1998లో కెనడా పరిశోధనలో తేలింది. సకాలంలో, చేయి తిరిగిన డాక్టరు స్కానులో చూస్తూ చేస్తే, పరీక్ష వల్ల గర్భం పోయే ప్రమాదం నూటికి ఒకటి కంటే తక్కువ. తల్లి రక్తం నెగటివ్ గ్రూపయితే తర్వాత యాంటీ-డి ఇంజెక్షను అవసరమవుతుంది. ముందే చెప్పాలి.

12వ వారంలో చేయించాం. ఫలితం వచ్చేదాకా మా ఆవిడకు నిద్ర లేదు. బిడ్డకు జబ్బు లేదన్నారు. ఆడా మగా అని ఆవిడ అడగబోతే నేనే ఆపాను. 1994 చట్టం ప్రకారం అడగడమూ నేరమే, చెప్పడమూ నేరమే.

మా చిన్నవాడికి ఇప్పుడు సంబంధాలు చూస్తున్నాం. జాతకం కంటే ముందు వాడి రక్తం హెచ్.బి.ఏ-2 పరీక్షకు పంపించాను. రిపోర్టు రావాలి.