భూగోళశాస్త్రపు మాటలు - గోదావరి పాఠము

భూగోళశాస్త్ర గ్రంథమును తెరచిన పాఠకునకు మొదట ఎదురగునది పరిభాష. అక్షాంశము, శీతోష్ణస్థితి, క్రమక్షయము మొదలగు మాటలు ఒక ప్రక్క. జనసాంద్రత, వలస, పృష్ఠభూమి మొదలగునవి వేరొక ప్రక్క. మొదటివానిని ప్రాకృతిక భూగోళమనియు, రెండవవానిని మానవ భూగోళమనియు పండితులు విభజించిరి. ఈ విభాగము చదువు సౌకర్యము కొఱకు ఏర్పడినది. నేలమీద అట్టి గీత ఎచ్చటను కనబడదు. ఈ సంగతి తెలియుటకు తెలుగువారికి గోదావరిని మించిన ఉదాహరణము అక్కఱలేదు.

ఏయే నేలలపై కురిసిన వాన తుదకు ఒక నదిని చేరునో, ఆ నేలయంతయు ఆ నదికి పరీవాహ ప్రదేశము. గోదావరి మహారాష్ట్రమున నాసిక్ చెంత త్ర్యంబకేశ్వరమున పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతమున కలియుచున్నది. దాని పరీవాహ ప్రదేశము సుమారు 3,12,800 చదరపు కిలోమీటర్లు. అనగా భారతదేశ విస్తీర్ణమున ఇంచుమించు పదవ వంతు. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి మొదలగు ఉపనదులు తెచ్చు నీరంతయు ఇందులోనిదే. కావుననే రాజమహేంద్రవరమున ఆకాశము నిర్మలముగ నున్న దినమున గూడ నది పొంగుట గలదు. ఎగువ దేశమున కురిసిన వానకు దిగువ దేశపు రైతు రాత్రులు మేల్కొని గట్టు కాయవలసి వచ్చును.

ఆ నీరు ఊరక రాదు. కొండలను, పొలములను ఒఱసికొని మన్ను తెచ్చును. నేల ఇట్లు కోతపడుటకు క్రమక్షయమని పేరు. వానకారు ఆరంభమున “ఎఱ్ఱనీరు వచ్చినది” అని తీరవాసులు చెప్పుకొను మాటలో ఈ శాస్త్రమంతయు ఇమిడియున్నది. వాలు తగ్గి వేగము సన్నగిల్లిన చోట నది తన బరువును దింపుకొనును, అది నిక్షేపణము. పాయల నడుమ లంకలు, ముఖద్వారమున డెల్టా పుట్టుట ఇట్లే. నైలు నది ముఖద్వారమునందలి ముక్కోణపు నేలను గ్రీకులు తమ లిపిలోని డెల్టా యను అక్షరముతో పోల్చిరి. ఆ పేరే లోకమున నిలిచినది. ధవళేశ్వరము దిగువ గోదావరి గౌతమి, వసిష్ఠ అను పాయలుగ చీలినది. ఆ పాయల నడిమి నేలయే కోనసీమ. అచ్చటి కొబ్బరితోటల క్రింద నున్నది ఎగువ దేశములనుండి యుగయుగములుగ కొట్టుకొనివచ్చిన ఒండ్రుమన్ను.

ఇక మానవ భూగోళము. ఒక చదరపు కిలోమీటరున నివసించు జనుల సంఖ్యకు జనసాంద్రత యని పేరు. డెల్టాలో అది అధికము, మన్యపు కొండలలో అల్పము. నేల సారవంతము కావున జనము హెచ్చని చెప్పిన చాలునా? 1832-33లో, నందన నామ సంవత్సరపు కరవున, కృష్ణా గోదావరీ మండలములలో జనులు తిండిలేక రాలిపోయిరి. అప్పుడును నేల అదియే, నది అదియే. నీరు మాత్రము పొలమున కెక్కక కడలి పాలగుచుండెను. 1847లో ఆర్థర్ కాటన్ దొర ధవళేశ్వరమున ఆనకట్ట పని ప్రారంభించి 1852 నాటికి పూర్తి గావించెను. కాలువలు సాగిన పిమ్మట మెట్ట మాగాణి యయ్యెను. జర్మను పండితుడు రాట్జెల్ మానవ జీవితముపై నేలకు గల ప్రభావమును విస్తరించి వ్రాసెను. ప్రకృతి అవకాశములను చూపుననియు, వానిని ఎన్నుకొనువాడు మానవుడనియు ఫ్రెంచి పండితుడు వీదాల్ ద లా బ్లాష్ బోధించెను. ఆనకట్ట చరిత్ర ఈ రెండవ వాదమునకు బలము నిచ్చుచున్నది.

అంతమాత్రమున ప్రకృతి తన పట్టు విడువలేదు. వాతావరణమనగా నేటి యెండ, నేటి వాన. శీతోష్ణస్థితి యనగా ముప్పది సంవత్సరముల సగటు నడవడి. ఈ తీరపు శీతోష్ణస్థితిలో తుపాను ఒక భాగము. దానికి సైక్లోన్ అను పేరును 1848లో కలకత్తాయందలి హెన్రీ పిడింగ్టన్ కల్పించెను. పాము చుట్టను తెలుపు గ్రీకు మాట దానికి మూలము. గాలి సముద్రమును నేలపైకి నెట్టినపుడు లేచు నీటిగోడను తెలుగువారు ఉప్పెన యందురు. 1839 నవంబరున కోరంగిని ముంచినదియు, 1977 నవంబరు 19న దివిసీమలో వేలాది ప్రాణములను బలిగొన్నదియు అదియే. కాలువ పాఱుటకు అనువైన డెల్టా చదును ఉప్పెనకు గూడ దారి యిచ్చుచున్నది.

కోరంగి కథలో మఱి రెండు మాటలు గలవు. ఓడరేవునకు సరకులను, మనుష్యులను సమకూర్చు లోపలి దేశము దాని పృష్ఠభూమి. బ్రదుకుతెరువునకై ఒక చోటు విడిచి వేరొక చోట చేరుట వలస. ఈ తీరమునుండి ఓడలెక్కి బర్మాకు పోయిన తెలుగువారిని అచ్చట కోరంగీలని పిలిచిరి. రేవు పేరు జనులకు పేరయ్యెను. తుపానులచేతను, నది మేట వేయుటచేతను ఆ రేవు క్షీణింపగా కాకినాడ వృద్ధిపొందెను. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించినపుడు కాలినడకన కొండలు దాటి స్వదేశము చేరిన భారతీయులలో తెలుగువారును ఉండిరి.

నేడు ఈ మాటలన్నియు తీరవాసుల ముందు ఒక ప్రశ్నగ నిలిచియున్నవి. జాయకవాడి, శ్రీరామసాగరము వంటి జలాశయములు నీటితోపాటు మన్నును గూడ ఆపుచున్నవి. అలల కోత ఆగలేదు. ఆ కోతను పూరించు మన్ను తగ్గినది. కృష్ణా, గోదావరీ డెల్టాల అంచులు పలుచోట్ల వెనుకకు జరుగుచున్నట్లు పరిశోధకులు గుర్తించిరి. జలాశయములు వలదనుట దీని తాత్పర్యము కాదు. ఎగువ రైతునకును పంట కావలెను. అయినను నదీజలముల పంపకమున నీటి లెక్క అడుగువారు పెక్కండ్రు, మన్ను లెక్క అడుగువారు అరుదు. తీరమున ఉప్పెన వేగమును తగ్గించు మడ అడవులను గూర్చి అడుగువారు మఱియు అరుదు.

పరిభాష తెలిసినగాని ఇట్టి ప్రశ్న అడుగుట సాధ్యము కాదు. క్రమక్షయమను మాట పరీక్షకొఱకు వల్లించిన బాలుడు అంతటితో దానిని మఱచును. తన ఊరి కాలువ గట్టున దానిని చూచిన బాలుడు మఱువడు. గ్రామ గ్రంథాలయమున భూగోళ గ్రంథముల చెంత గోదావరి పరీవాహ పటము నొకదానిని వ్రేలాడగట్టి, అందు ఊరి చోటును ఎఱ్ఱచుక్కతో గుర్తించుట మంచిది. ఆ చుక్కకు ఎగువన ఎంత దేశమున్నదో, దిగువన సముద్ర మెంత చేరువనున్నదో పిన్నలు పెద్దలు కలిసి చూచుకొనవచ్చును.