వైద్య సాఫ్ట్‌వేరు కొలువు: గుణదోష విచారణ

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కేంద్ర ప్రభుత్వ కొలువులో నున్నవారి ఇండ్లలో ఒకప్పుడు పిల్లల ఉద్యోగమును గూర్చి రెండే ప్రశ్నలు పుట్టెడివి: జీతమెంత? పింఛను కలదా? నేడు మూడవ ప్రశ్నయు వినవచ్చుచున్నది. ఇంజనీరింగు ముగించి పైచదువునకు అమెరికా వెళ్లిన కుమార్తె ఒకనాటి రాత్రి ఫోను చేయును: “నాన్నగారూ, ఆసుపత్రులకు సాఫ్ట్‌వేరు తయారుచేసే కంపెనీవాళ్లు ఉద్యోగం ఇస్తామంటున్నారు. జీతం బాగుంది. పని మాత్రం ఊపిరి సలపనివ్వదట. చేరమంటారా?”

ముప్పది యేండ్లు ఫైళ్లతో కాలము గడపిన తండ్రికి వెంటనే సమాధానము తోచదు. భయపడి వద్దనుటయు, జీతము చూచి సరే యనుటయు రెండును తొందరపాటే. కావున అట్టి సంస్థలలో ప్రసిద్ధమైన ‘ఎపిక్ సిస్టమ్స్’ను ఉదాహరణముగా గైకొని, ఇందలి మేలు కీడులను నిదానముగా తూచి చూచుట మంచిది.

ఈ సంస్థను 1979లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున, మాడిసన్ నగరమునందలి ఒక నేలమాళిగలో జూడిత్ ఫాక్నర్ అను విదుషీమణి స్థాపించిరి. నేడది సమీపమున నున్న వెరోనా పట్టణములో వేయి యెకరములకు మించిన ఆవరణమున నడచుచున్నది. ఉద్యోగుల సంఖ్య పదివేలు దాటినది. భూమిలోనికి దింపి కట్టిన సభాశాలలో 11,000 మందికి పైగా కూర్చుండవచ్చును. సంస్థ తన వాటాలను బజారున అమ్మకానికి పెట్టలేదు. ఆసుపత్రులు కాగితపు రికార్డులు విడిచి కంప్యూటరునకు మారుటకై ధనసహాయ మొసంగుచు అమెరికా ప్రభుత్వము 2009లో చేసిన చట్టము ఈ వ్యాపారమున కంతకును గొప్ప ఊతమైనది.

ఇక పని స్వభావము. డాక్టరు మందు వ్రాయును. ఆ మందు రోగికి పడదని పాత రికార్డులో నున్నచో కంప్యూటరు తెర వెంటనే హెచ్చరింపవలెను. రక్తపరీక్ష ఫలితము సరియైన రోగి పేరునకే చేరవలెను. నర్సు ఇచ్చిన మోతాదు తరువాతి షిఫ్టులో వచ్చు నర్సునకు కనబడవలెను. ఈ గొలుసులో ఒక కొక్కెము ఊడినను ప్రాణాపాయమే. 1985 నుండి 1987 వరకు ‘థెరాక్-25’ అను రేడియేషను చికిత్సా యంత్రము, ప్రోగ్రాములోని లోపముల వలన, కనీసము ఆరుగురు రోగులపై మితిమీరిన కిరణములను ప్రసరింపజేసినది. వారిలో కొందరు మరణించిరి. వైద్య సాఫ్ట్‌వేరు వ్రాయువారికి నేటికిని పాఠముగా చెప్పబడు ఉదంతమది. కావున ఈ రంగమున పని కఠినముగా నుండుట కొంతవరకు ధర్మమే యని గుర్తింపవలెను.

ఈ కఠినత వలన కలుగు లాభములు అల్పములు కావు. కాలేజీ విడిచి వచ్చిన యువకులకే ఇట్టి సంస్థలలో పెద్ద బాధ్యతలు అప్పగించెదరు. ఇరువది మూడేండ్ల పిల్ల ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్లి, అనుభవజ్ఞులగు డాక్టర్లతోను, ఫార్మసీవారితోను కూర్చుండి, వారి పని యెట్లు నడచునో అడిగి తెలిసికొనవలెను. కొత్త పద్ధతి అమలులోనికి వచ్చు రాత్రి, దానిని ‘గో-లైవ్’ అందురు, వార్డులలో తిరుగుచు నర్సుల సందేహములు తీర్పవలెను. మరియొక చోట పదేండ్లకు గాని రాని అనుభవము రెండు మూడేండ్లలో చేతికి వచ్చును. వ్రాసిన ప్రోగ్రాము ఎవరికి ఉపయోగించుచున్నదో కంటితో చూచు భాగ్యము అందరు ఇంజనీర్లకును లభింపదు. జీతము మంచిది, శాన్‌ఫ్రాన్సిస్కో వంటి నగరములతో పోల్చిన మాడిసన్ ప్రాంతమున నివాస వ్యయము తక్కువ. ఐదేండ్లు పనిచేసినవారికి జీతముతో కూడిన నాలుగు వారముల విశ్రాంతి సెలవు కలదు.

ఇక రెండవ తట్ట. ప్రయాణముల వలనను, గో-లైవు గడువుల వలనను పనివేళలకు హద్దుండదు. వెరోనా శీతకాలము గోదావరి, కృష్ణా తీరములవారికి కఠిన పరీక్షయే. ఇవి సహింపదగినవి. అంతకంటె ఆలోచింపదగినది నేర్చిన విద్య సంగతి. ఎపిక్ సాఫ్ట్‌వేరు లోపలి భాగము ‘మంప్స్’ అను భాషపై ఆధారపడినది. 1960ల చివర బోస్టనులోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో పుట్టిన ఈ భాష రోగుల రికార్డులను వేగముగా తీసియిచ్చుటలో సమర్థము. కాని ఆసుపత్రులు, కొన్ని బ్యాంకులు తప్ప బయట దాని వాడుక స్వల్పము. ఐదేండ్లు దానిలోనే ఆరితేరినవారు వేరొక ఉద్యోగము వెదకునపుడు క్రొత్త భాషలను మరల అభ్యసింపవలసి వచ్చును.

మూడవది, మిక్కిలి ముఖ్యమైనది, సంతకము చేయు కాగితము. 2014 ఏప్రిల్‌లో ఈ సంస్థ తన ఉద్యోగులకు ఇ-మెయిలు ద్వారా ఒక ఒప్పందము పంపినది. వేతన వివాదములను కోర్టులో సామూహికముగా గాక, మధ్యవర్తి యెదుట ఎవరికి వారే తేల్చుకొనవలెననియు, కొలువున కొనసాగినచో దీనిని అంగీకరించినట్లేననియు దాని సారాంశము. ఓవర్‌టైము రాలేదని ఒక సాంకేతిక రచయిత వేసిన దావా సుప్రీంకోర్టు వరకు పోయినది. 2018 మే 21న ఐదుగురు న్యాయమూర్తులు సంస్థ పక్షమునను, నలుగురు వ్యతిరేకముగను తీర్పు చెప్పిరి. జస్టిస్ రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ తీవ్రముగా విభేదించిరి. ఒక్కొక్క ఉద్యోగికి రావలసినది స్వల్పమైనపుడు ఒంటరిగా పోరాడువారు అరుదు. అందుకే ఈ షరతు బరువైనది.

కొలువు విడిచిన పిదప కొంతకాలము సంబంధిత సంస్థలలో చేరరాదను షరతు కూడ ఈ రంగమున సాధారణము. ఇది ప్రభుత్వోద్యోగులకు అపరిచితము కాదు. పదవీ విరమణ చేసిన గ్రూపు ‘ఎ’ అధికారి ఒక సంవత్సరములోగా వాణిజ్య సంస్థలో చేరదలచినచో అనుమతి పొందవలెను. కాని అధికారికి చేతిలో పింఛను కలదు. యువ ఇంజనీరునకు అది లేదు. భారత ఒప్పందముల చట్టము, 1872లోని 27వ సెక్షన్ ఇట్టి నిర్బంధములను సాధారణముగా చెల్లనివిగా పరిగణించును. విస్కాన్సిన్ శాసనము సమంజసమైన వానిని అనుమతించును. హెచ్-1బి వీసాపై నున్న తెలుగు పిల్లలకు చిక్కు రెండింతలు. ఉద్యోగము పోయినచో వారికి దొరకు గడువు హెచ్చుగా 60 దినములు. ఆ గడువులో క్రొత్త యజమానిని వెదకువానికి, సగము తలుపులు ఒప్పందము చేతనే మూయబడినచో గతియేమి?

కావున ఈ శ్రమను రెండుగా విభజించి చూడవలెను. రోగి క్షేమము కోరు శ్రమ యొకటి. యజమాని సౌకర్యము కోరు శ్రమ యొకటి. అర్ధరాత్రి వార్డులో నిలిచి మందుల పట్టికను సరిచూచుట మొదటిది. అది మనిషిని పెంచును. కారణము చెప్పని ఆజ్ఞకు తలయొగ్గుట రెండవది. అది మనిషిని అరుగదీయును. 2020 ఆగస్టులో కోవిడ్ వ్యాపించియుండగా అందరును ఆఫీసునకు రావలెనని ఇదే సంస్థ తలపెట్టినది. ఉద్యోగులు అభ్యంతరము తెలుపగా ఆ నిర్బంధమును విరమించుకొన్నది. యోగ్యమైన మాటను కలసి చెప్పినచో వినిపించుననుటకు ఇది నిదర్శనము.

ఇట్టి అనుభవము స్వదేశమునను వ్యర్థము కాదు. 2021 సెప్టెంబరు 27న దేశవ్యాప్తముగా ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ క్రింద పౌరులకు 14 అంకెల ఆరోగ్య ఖాతా సంఖ్య ఇయ్యబడుచున్నది. జిల్లా ఆసుపత్రి ఓ.పి. చీటీ నుండి పెద్దాసుపత్రి రికార్డు వరకు ఒకే గొలుసుగా కూర్చుటకు ఆసుపత్రి నాడి యెరిగిన ఇంజనీర్లు కావలెను.

తండ్రి ఆ రాత్రి ఫోనులో చెప్పదగిన మాట యిది: “చేరమ్మా. కాని ఒప్పందంలో ప్రతి పేరా చదివి, తెలియనిది వకీలును అడిగి సంతకం చెయ్యి. ఎన్నేళ్లు ఉండాలో ముందే అనుకో. బయట చెల్లే విద్య ఒకటి పక్కన నేర్చుకుంటూ ఉండు. పని రోగి కోసం అయినంతకాలం వెనుదీయకు. కాదనిపించిన రోజు ఇంటికి ఫోను చెయ్యి.” ఫైలులో ప్రతి కాగితము చదివి గాని సంతకము చేయని ఉద్యోగి, తన బిడ్డకు ఈయగల ఆస్తి ఆ అలవాటే.