లాంచీ ఆగింది, డబ్బెందుకు ఆగాలి?

(మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల హక్కుల శిక్షణలో లాంచీ టిక్కెట్ల గురించి మాట్లాడతానంటే మీలో కొందరు నవ్వారు. గృహహింస, కూలి రేట్లు, భూమి పట్టాలు, ఇన్ని సమస్యలుండగా విహారయాత్ర డబ్బులు కూడా ఒక సమస్యేనా అనిపించడం సహజమే. కానీ ఒకటి ఆలోచించండి. మన ఇళ్ళలో స్త్రీలకు విశ్రాంతి అనేది అందరి అవసరాలూ తీరాక మిగిలితే దక్కేది. ఏడాదికొకసారి కార్తీకమాసంలోనో, పిల్లల సెలవుల్లోనో నలుగురు ఆడవాళ్ళు కలిసి గోదావరి మీద ఒక పగలు గడపాలనుకుంటే, దాని వెనక నెలల తరబడి దాచుకున్న డబ్బుంటుంది, ఇంట్లో వందమందికి చెప్పుకున్న సంజాయిషీ ఉంటుంది. ఆ ప్రయాణం రద్దయి, కట్టిన డబ్బు వేరెవరి చేతిలోనో ఇరుక్కుపోయినప్పుడు, అడగడానికి మనకు నోరు రాకపోవడం కూడా అధికార సంబంధాల విషయమే. అందుకే దీన్ని ఇక్కడ మాట్లాడదలచుకున్నాను.

మనందరికీ తెలిసిన ఉదాహరణ పాపికొండల యాత్ర. రాజమండ్రి వైపు నుంచి వెళ్ళేవాళ్ళు దేవీపట్నం దగ్గర గండిపోచమ్మ గుడి వద్ద లాంచీ ఎక్కుతారు. భద్రాచలం వైపు నుంచి వచ్చేవాళ్ళు పోచవరంలో ఎక్కుతారు. రెండువైపుల వాళ్ళకీ పేరంటపల్లి మధ్యలో మజిలీ. ఏటా వర్షాకాలంలో గోదావరికి వరద వస్తుంది, అధికారులు లాంచీలు ఆపేస్తారు. కార్తీకంలో తుపాను పడితే అప్పుడూ ఆపేస్తారు.

ఆపడం తప్పని నేను అనడం లేదు. ఈ మాట మొదటే స్పష్టంగా చెప్పుకోవాలి. 2017 నవంబరు 12న కృష్ణానది మీద పవిత్ర సంగమం దగ్గర పడవ తిరగబడి ఇరవైమందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబరు 15న గోదావరి వరదలో ఉండగానే పాపికొండలకు బయలుదేరిన లాంచీ కచ్చులూరు దగ్గర మునిగిపోయి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. ఆ లాంచీని నదిలోంచి బయటికి తీయడానికే నెలకు పైగా పట్టింది. తరవాత పాపికొండల యాత్రలు నిలిపివేసి, మళ్ళీ 2021లో మొదలుపెట్టారు. కాబట్టి నదిని చూసి లాంచీ ఆపినవాళ్ళకు మనం దణ్ణం పెట్టాలి. మన ప్రశ్న వేరు. ఆగింది లాంచీ. మన డబ్బు ఎందుకు ఆగుతోంది?

నా పరిశోధన పనిమీద ఒక డ్వాక్రా సంఘంతో కొంతకాలం తిరిగాను. ఆ సంఘంలో 22మంది కలిసి పాపికొండలు వెళ్ళాలనుకున్నారు. మనిషికి 1,200 చొప్పున 26,400 రూపాయలు పోగుచేశారు. లీడరు కొడుకు ఫోనులోంచి ఒక ఏజెంటుకు మొత్తం పంపించారు. బయలుదేరే ముందురోజు రాత్రి ‘వరదొచ్చింది, రేపు ట్రిప్పు లేదు’ అని కబురొచ్చింది. డబ్బడిగితే ‘ఏమ్మా, వరద మేం తెచ్చామా? నీళ్ళు తగ్గాక రండి, తీసుకెళ్తాం’ అన్నాడు. నీళ్ళు తగ్గేసరికి వరికోతలొచ్చాయి. మళ్ళీ అడిగితే గడువు దాటిపోయిందన్నాడు. ఇళ్ళలోనేమో ‘మీకెందుకే ఈ షికార్లు, తగిన శాస్తి జరిగింది’ అన్నారు. సగంమంది ఇంట్లో మాటపడలేక డబ్బు తిరిగొచ్చిందని అబద్ధం చెప్పారు. మరో పక్క సభ్యులకు జవాబు చెప్పుకోలేక లీడరు తన చేతి గాజు కుదువబెట్టి కొందరికి సర్దింది. నష్టం ఎవరి నెత్తిన పడిందో చూశారా? లాంచీ యజమాని మీదా పడలేదు, ఏజెంటు మీదా పడలేదు. నమ్మకం మీద డబ్బు పోగుచేసిన ఆడమనిషి మీద పడింది.

‘వరద మేం తెచ్చామా?’ అనే ప్రశ్నకు చట్టం దగ్గర ఎప్పటినుంచో జవాబు ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో సెక్షన్ 56 ప్రకారం, ఒప్పుకున్న పని ఎవరి తప్పూ లేకుండా అసాధ్యమైపోతే ఆ ఒప్పందం చెల్లకుండాపోతుంది. సెక్షన్ 65 ప్రకారం, అలా చెల్లకుండాపోయిన ఒప్పందం కింద పొందిన లాభాన్ని పొందినవాళ్ళు తిరిగి ఇచ్చెయ్యాలి. అంటే వరద యజమాని తెచ్చింది కాదన్నది నిజమే. కానీ ఆ కారణంతో ఆయన ప్రయాణం కట్టించనక్కర్లేదు గాని, మన డబ్బు ఉంచుకోవడానికి అది కారణం కాదు. వాపసు అడగడానికి అవతలివాడి తప్పు రుజువు చెయ్యనక్కర్లేదు. సేవ అందలేదు, డబ్బు కట్టాం, అంతే.

తప్పు రుజువు చెయ్యాల్సింది నష్టపరిహారం కావాలన్నప్పుడు. ఈ రెండింటినీ కలిపేసుకోకూడదు. టిక్కెట్లు తగినన్ని అమ్ముడుపోలేదని ట్రిప్పు ఎత్తేసినా, అనుమతి లేని లాంచీకి డబ్బు కట్టించుకున్నా, ఉన్న సీట్లకంటే ఎక్కువ అమ్మినా, ముందురోజే తెలిసి కూడా మనం రేవుకొచ్చేదాకా చెప్పకపోయినా, అది సేవాలోపం. అప్పుడు టిక్కెట్టు డబ్బుతో పాటు బస్సుఛార్జీలు, బస ఖర్చు, పడిన ఇబ్బందికి పరిహారం కూడా అడగవచ్చు. నిజంగా వరదొచ్చి, సకాలంలో కబురుచేసి ఆపేస్తే టిక్కెట్టు డబ్బు వరకే గట్టిగా నిలబడగలం. మన సంఘాల్లో ఈ సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి, లేనిపోని ఆశలు పెట్టకూడదు.

ఇప్పుడు ట్రిప్పు రద్దయినప్పుడు మన ముందున్న దార్లు చూద్దాం.

మొదటిది, పూర్తి డబ్బు వాపసు. ‘రద్దు చేసుకుంటే సగమే ఇస్తాం’ అని టిక్కెట్టు మీద ఉంటుంది. అది మనం మానుకున్నప్పుడు వర్తించే షరతు. వాళ్ళు మానుకున్నప్పుడు అదే షరతు చూపిస్తే ఒప్పుకోకూడదు. ఇక్కడొక మోసం గమనించండి. ‘మీరే ఫోనులో క్యాన్సిల్ నొక్కండమ్మా, డబ్బు వచ్చేస్తుంది’ అంటారు. నొక్కితే మనమే మానుకున్నట్టు లెక్క తేలుతుంది. నొక్కవద్దు. ట్రిప్పు రద్దయిందని వాళ్ళచేతే మెసేజీ పంపించమనండి.

రెండోది, మరో తేదీ. అది మనకు కుదిరితే మంచిదే. కానీ అది మన ఇష్టం, వాళ్ళ హుకుం కాదు. ఒప్పుకుంటే ఏ తేదీ, ఎంతలోపల, రేటు పెరిగితే తేడా ఎవరిది, ఆ తేదీకీ లాంచీ ఆగితే డబ్బు ఎప్పుడిస్తారు, ఈ నాలుగూ కాగితం మీద రాయించుకోవాలి.

మూడోది, దానికి బదులు వేరే యాత్ర. పాపికొండలు లేవు, బస్సులో ఫలానా గుడికి తీసుకెళ్తాం అంటారు. అందరూ ఒప్పుకుంటే వెళ్ళవచ్చు. తక్కువ ఖర్చయ్యే యాత్ర అయితే తేడా తిరిగి తీసుకోవాలి.

నాలుగోది, ఇందాక చెప్పిన నష్టపరిహారం, వాళ్ళ తప్పు ఉన్నప్పుడు.

టిక్కెట్టు వెనక చిన్న అక్షరాల్లో ‘ఏ కారణం చేతనైనా డబ్బు వాపసు ఇవ్వబడదు’ అని ఉంటే? వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ‘అన్యాయమైన ఒప్పందం’ అనే భావనను గుర్తించింది. అలాంటి షరతు చెల్లదని ప్రకటించే అధికారం రాష్ట్ర కమిషనుకు ఉంది. ఇళ్ళ కొనుగోలుకు సంబంధించిన ఒక కేసులో 2019 ఏప్రిల్లో సుప్రీంకోర్టు, ఏకపక్షంగా రాసుకున్న షరతులు అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తాయని తీర్పు చెప్పింది. అచ్చువేసిన ప్రతిదీ చట్టం కాదు. రసీదు ఇవ్వకపోవడం కూడా ఇదే చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతే.

స్త్రీలుగా మనం ప్రత్యేకంగా పట్టుకోవాల్సింది ఈ చట్టంలో ‘వినియోగదారు’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనాన్ని. డబ్బు కట్టినవాళ్ళే కాదు, వాళ్ళ సమ్మతితో ఆ సేవ పొందే లబ్ధిదారు కూడా వినియోగదారే. టిక్కెట్టు మొగుడి పేరుమీద ఉండవచ్చు, డబ్బు కొడుకు ఖాతాలోంచి పోయి ఉండవచ్చు. అయినా ప్రయాణం చెయ్యాల్సిన మనిషికి ఫిర్యాదు చేసే హక్కు ఉంది. ‘మీ ఆయన్ని మాట్లాడమనండి’ అనే ఏజెంటుకు ఇదే జవాబు. ఆ 22మందిలో ప్రతి ఒక్కరూ వినియోగదారే. ఒకే రకమైన నష్టం జరిగినవాళ్ళు కమిషను అనుమతితో అందరి తరఫునా ఒకే ఫిర్యాదు వెయ్యవచ్చు. నమోదైన స్వచ్ఛంద వినియోగదారుల సంఘం కూడా వెయ్యవచ్చు.

ఇక ఆచరణకు వద్దాం. ముందు కాగితాలు ఒకచోట చేర్చండి: రసీదు, డబ్బు పంపిన రుజువు, రద్దు మెసేజీ, ప్రయాణం చెయ్యాల్సిన అందరి పేర్లు. ఫోనులో మాట్లాడింది గాలిలో కలిసిపోతుంది కాబట్టి, అదే విషయం మళ్ళీ రాసి పంపండి. 15 రోజులు గడువిస్తూ స్పీడు పోస్టులో నోటీసు ఇవ్వండి. ఏజెంటు యజమాని మీదికి, యజమాని ఏజెంటు మీదికి నెడతారు. ఇద్దరికీ పంపండి. కార్డు మీద కట్టినవాళ్ళు బ్యాంకుకు కూడా వెంటనే రాతపూర్వకంగా అభ్యంతరం తెలపాలి.

జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చెయ్యండి. తెలుగులో మాట్లాడవచ్చు. చాలా తగాదాలు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషను ఉంది. కట్టిన సొమ్ము 5 లక్షల లోపయితే ఫీజు లేదు. లాయరు ఉండితీరాలన్న నియమం లేదు. రెండేళ్ళ లోపల వెయ్యాలి. 2019 చట్టం తెచ్చిన పెద్ద మార్పు ఏమిటంటే, ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే వెయ్యవచ్చు. ఖమ్మం నుంచి వచ్చి పోచవరంలో లాంచీ ఎక్కాల్సిన ఆవిడ ఆంధ్రప్రదేశ్‌కు తిరగనక్కర్లేదు, ఖమ్మంలోనే వేసుకోవచ్చు. ఇంటిపని, పిల్లలు, కూలిపని వదిలిపెట్టి దూరం పోలేని స్త్రీలకు ఇది చిన్న విషయం కాదు. ఆర్డరు వచ్చాక కూడా అమలుచెయ్యని వాళ్ళకు జైలుశిక్షో, 25,000కు తక్కువ కాకుండా జరిమానానో, రెండూనో పడే వీలు సెక్షన్ 72లో ఉంది.

ఇదంతా 1,200 రూపాయల కోసమా అని అడుగుతారు. నేను మొదట చెప్పిన ప్రమాదాలను ఇక్కడ మళ్ళీ గుర్తుచేసుకోవాలి. లాంచీ ఆగితే డబ్బు పోతుందని తెలిసిన ప్రయాణికులు రేవులో ఏం చేస్తారు? ‘ఇంతదూరం వచ్చాం, ఏం కాదు, పోనివ్వండి’ అని ఒత్తిడి పెడతారు. ట్రిప్పు తిరిగితేనే ఆదాయమున్న యజమాని ఆ మాటకోసమే ఎదురుచూస్తుంటాడు. నది సంగతి తెలిసిన సరంగు వద్దన్నా, రోజుకూలి మీద బతికేవాడి మాట అక్కడ చెల్లదు. డబ్బు ఖాయంగా తిరిగొస్తుందన్న భరోసా ఉంటే మనలో ఎవరైనా ధైర్యంగా ‘ఇవాళ వద్దు, ఆపండి’ అనగలుగుతుంది. అందుకని వాపసు హక్కు ప్రాణరక్షణకు సంబంధించిన హక్కు కూడా.

అయితే వాపసు ఇవ్వాల్సివస్తుందనే భయంతో యజమాని వరదలోనే లాంచీ తియ్యడా అని మీరు అడగవచ్చు. తీస్తాడు, ఆ నిర్ణయం అతని చేతిలో వదిలేస్తే. అందుకే కదలాలా వద్దా అన్నది నది మట్టం చూసే అధికారుల చేతుల్లోనే ఉండాలి. కచ్చులూరు తరవాత రేవుల్లో కంట్రోల్ రూములు పెట్టాలన్నది ఇందుకే. వరద ఏటా వచ్చేదే. అది ఆ వ్యాపారంలో భాగం. దానికి తగ్గ ఏర్పాటు వ్యాపారి లాభంలోంచి జరగాలి. సరంగు కూలిలోంచీ కాదు, వంటమనిషి కూలిలోంచీ కాదు, మన పొదుపులోంచీ కాదు.

కనుక మన సంఘాల తరఫున పర్యాటక శాఖను అడగాల్సినవి మూడున్నాయి. యజమాని వైపు నుంచి రద్దయిన ప్రతి ట్రిప్పుకూ అడగకుండానే నిర్ణీత గడువులో పూర్తి డబ్బు తిరిగివ్వాలని లైసెన్సు షరతుల్లో చేర్చాలి. ఆ నియమం, 1915 నంబరు ప్రతి రేవులో, ప్రతి టిక్కెట్టు మీద తెలుగులో పెద్ద అక్షరాల్లో ఉండాలి. వరద రోజుల్లో ముందస్తు డబ్బు వసూలుచెయ్యడం మీద అదుపు ఉండాలి.

అది సాధించేలోపు మన చేతిలో ఉన్న పని ఒకటుంది. ఈసారి మీ సంఘం యాత్రకు డబ్బు పోగుచేసే ముందు, ‘ట్రిప్పు మీరే ఆపితే మా డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారు?’ అని ఏజెంటును అడిగి, జవాబు రసీదు మీద రాయించండి. దాన్ని సంఘం మినిట్స్ పుస్తకంలో ఎక్కించి అందరిచేతా సంతకం పెట్టించండి. అప్పుడు రేపు ఏదైనా తేడా వస్తే లీడరు ఒక్కతే గాజు కుదువబెట్టుకోనక్కర్లేదు. ఇరవైరెండు సంతకాలు ఆమె వెనక ఉంటాయి.