విరిగే కత్తి, పేలని తుపాకీ



రోల్‌ప్లేయింగ్ ఆటల్లో ఆయుధాలు, సామాను చెడిపోయే నియమాల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. చాలా ఆటల్లో ఇవి ఐచ్ఛికం. ఇష్టముంటే పెట్టుకుంటాం, లేదంటే వదిలేస్తాం. పెట్టుకునేటప్పుడు మాత్రం ఒక్కటి గుర్తుంచుకోమని నా మనవి. వస్తువు ఎప్పుడు పోవాలో పాచిక ఒక్కటే తేల్చకూడదు. ఆ ప్రమాదానికి తెగించాలా వద్దా అన్నది ఆటగాడి చేతిలో ఉండాలి.

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆడేవాళ్లలో చాలామంది సొంతంగా పెట్టుకునే నియమం ఒకటుంది. ఇరవై ముఖాల పాచిక మీద ఒకటి పడితే కత్తి విరిగినట్టే. వినడానికి బాగానే ఉంటుంది, లెక్క వేసి చూడండి. ఐదో ఎడిషన్‌లో మొదటి లెవెల్ ఫైటర్ తన వంతులో మామూలుగా ఒక్క దాడి చేస్తాడు. విరిగే అవకాశం 5 శాతం. 20వ లెవెల్‌కి వచ్చేసరికి నాలుగు దాడులు. ఒక్కసారైనా ఒకటి పడే అవకాశం దాదాపు 18.5 శాతం. అంటే విద్యలో ఆరితేరేకొద్దీ కత్తులు ఎక్కువ విరుగుతాయి! పక్కనున్న మాంత్రికుడు ఫైర్‌బాల్ విసిరితే, తప్పించుకోవడానికి పాచిక వేసేది ఎదుటివాళ్లే కాబట్టి అతనికి ఏ బాధా లేదు. ఇది అన్యాయం. ఈ నియమాన్ని దయచేసి మానేయండి.

1981లో వచ్చిన కాల్ ఆఫ్ కథూలూ ఇంతకంటే నయం. అందులో ఒక్కో తుపాకీకి అది మొరాయించే అంకె ఒకటి ఉంటుంది. నూరు లెక్కన వేసే పాచిక ఆ అంకెను తాకినా దాటినా తుపాకీ పేలదు. గర్ప్స్ అనే మరో ఆటలో ఈ అంకె యుగాన్ని బట్టి మారుతుంది. మూడు పాచికలు వేసి కూడితే ఆధునిక తుపాకీ 17 నుంచి మొరాయిస్తుంది, అంటే 2 శాతం కూడా లేదు. పాతకాలపు మస్కెట్‌కు అది 14, అంటే 16 శాతం పైనే. ఆటగాడికి ఇది ముందే తెలుసు, తెలిసే కొనుక్కుంటాడు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది డార్క్ సన్. 1991లో వచ్చిన ఈ ఎడారి లోకం పేరు అథాస్. అక్కడ లోహం అరుదు. జనం ఎముకతో, రాతితో, అబ్సిడియన్‌తో చేసిన ఆయుధాలు పట్టి పోరాడతారు. 2010లో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ నాలుగో ఎడిషన్ కోసం దాన్ని మళ్లీ తెచ్చినప్పుడు చక్కటి నియమం రాశారు. ఒకటి పడిందా, రెండు దారులున్నాయి. గురి తప్పిందని ఒప్పుకుంటే ఆయుధం భద్రం. లేదా మళ్లీ పాచిక వేయొచ్చు, కానీ ఆయుధం మీద ఆశ వదులుకోవాలి. లోహపు కత్తి అయితే దక్కే అవకాశం ఎక్కువ. ఇప్పుడు ఆ క్షణాన్ని ఊహించండి. ఎదురుగా ఉన్న మృగానికి ఇంకొక్క దెబ్బ చాలు. చేతిలో వేరే ఆయుధం లేదు, ఊరు రెండు రోజుల నడక. బల్ల చుట్టూ అందరూ అతని మొహమే చూస్తుంటారు. కత్తి విరిగినా అది అతను తెగించి చేసిన పని, నెలల తర్వాత కూడా చెప్పుకుంటారు.

స్వీడన్‌వాళ్ల మ్యూటెంట్ ఇయర్ జీరో అనే ఆటదీ ఇదే దారి. సామానుకు విడిగా నల్ల పాచికలుంటాయి. మొదటిసారి ఎలా పడినా వస్తువుకు ఏమీ కాదు. ఆ ఫలితం చాలక, పట్టుబట్టి మళ్లీ వేస్తేనే, నల్ల పాచికల మీద కనబడే ఒక్కో ఒకటికీ దాని బలం ఒక్కో మెట్టు తగ్గుతుంది.

చెడిపోయే నియమం పెట్టినవాళ్లు బాగుచేసుకునే దారి కూడా చూపాలి. విడిదిలో ఒక రాత్రి, పనిముట్లు, చేతిపని తెలిసిన మనిషి ఉంటే చాలు. అంతవరకూ మూలన కూర్చున్న కమ్మరి పాత్రకు ఒక్కసారిగా విలువ వస్తుంది.

ఈ వారమే మొదలుపెట్టాలనుకుంటే డాలుతో మొదలుపెట్టండి. పాత పద్ధతిలో ఆడేవాళ్లలో బాగా పాకిన నియమం ఇది. తగిలిన దెబ్బను డాలు మీదికి తీసుకుంటే ఒంటికి నష్టం ఉండదు, డాలు ముక్కలవుతుంది. పట్టికలు అక్కర్లేదు. ప్రయాణానికి ముందు మీ ఆటగాళ్లు రెండో డాలు కొని, దాన్ని ఎవరు మోయాలని వాదించుకుంటున్నారంటే నియమం పనిచేస్తున్నట్టే.