నీటి అడుగున ఊపిరి

మన్నారు సింధుశాఖలో పూర్వం ముత్యాల కోసం మునిగేవారి సాధన సామగ్రి బహు స్వల్పం. త్వరగా అడుగుకు చేర్చడానికి ఒక బరువైన రాయి, చిప్పలు వేసుకొనడానికి ఒక వలసంచి, పైన పడవలో తాడు పట్టుకొని నిలిచిన ఒక మనిషి. గుండెల నిండా పీల్చుకొన్న గాలి ఎంతసేపు నిలిస్తే అంతసేపే వారి పని. వారికి భయాలు లేకపోలేదు. సొరచేప భయం ఉన్నది, ఊపిరి చాలదేమో అన్న భయం ఉన్నది. పరికరం చెడిపోతుందేమో అన్న భయం మాత్రం లేదు. గాలిని సిలిండరులో నింపి వీపున కట్టుకొని దిగే విద్య వచ్చిన తరువాతనే ఈ కొత్త భయం పుట్టినది.

ఆ విద్యకే స్కూబా అని పేరు. నేడు అది మన విహారయాత్రలలో కూడా భాగమైనది. విశాఖపట్నం దగ్గర రుషికొండలో నేర్పుతున్నారు. సెలవులకు అండమాన్ వెళ్ళిన తెలుగు కుటుంబాలవారు స్వరాజ్ ద్వీపంలో ఒక పూట నీట మునిగి, రంగు రంగుల చేపల నడుమ ఫోటో తీయించుకొని వస్తున్నారు. సంతోషమే. అయితే తమకు తగిలించిన ఆ అద్దె పరికరాలను ఎవరు, ఎప్పుడు పరీక్షించినారో అడిగి దిగేవారు ఎందరు? ఈ ప్రసంగంలో మేము చెప్పదలచినది ఒక్కటే సంగతి. నీటిలో బయటపడే లోపం సాధారణంగా ఒడ్డునే పుట్టి ఉంటుంది; దానిని పట్టుకొనవలసిన చోటు కూడా ఒడ్డే.

ముందుగా యంత్రం సంగతి. నిండు సిలిండరులో గాలి మామూలు వాయుపీడనానికి సుమారు 200 రెట్ల వత్తిడితో కూరి ఉంటుంది. దానిని నేరుగా పీల్చడం మానవమాత్రునికి సాధ్యం కాదు. రెగ్యులేటరు అనే సాధనం ఆ వత్తిడిని రెండు మెట్లలో దించుతుంది. సిలిండరు మెడకు బిగించిన మొదటి మెట్టు, చుట్టూ ఉన్న నీటి వత్తిడికన్న సుమారు 10 వాతావరణాలు మాత్రమే ఎక్కువ ఉండేటట్లు తగ్గిస్తుంది. నోట పట్టుకొనే రెండవ మెట్టులో పలుచని రబ్బరు పొర ఒకటి ఉన్నది. ఊపిరి పీల్చగానే ఆ పొర లోపలికి వంగి, ఒక చిన్న మీటను నొక్కి, గాలికి దారి ఇస్తుంది.

దీని పుట్టుక ఒక చిత్రమైన కథ. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రాన్సులో పెట్రోలు కరవు వచ్చినది. ఎమిల్ గాన్యా అనే ఇంజనీరు మోటారు కార్లను గ్యాసుతో నడపడానికి ఒక కవాటం తయారు చేసినాడు. నౌకాదళాధికారి జాక్ ఈవ్ కూస్తో కోరికపై, దానినే ఊపిరికి పనికివచ్చేటట్లు మార్చినాడు. 1943లో మార్న్ నదిలో పరీక్ష జరిగినది. అడ్డంగా ఈదినంతసేపు గాలి చక్కగా వచ్చినది. నిటారుగా నిలువగానే బుడబుడమని వృథాగా పోయినది. తలక్రిందులు కాగానే దాదాపు ఆగిపోయినది! కారణం ఏమంటే, గాలిని నియమించే పొర ఒకచోట, విడిచిన గాలి వెలుపలికి పోయే ద్వారం మరొకచోట ఉండడమే. నీటిలో జానెడు ఎత్తు తేడా కూడా వత్తిడిలో తేడాయే. రెండింటినీ ప్రక్కప్రక్కన అమర్చగానే ఆ దోషం తొలగినది. ఇంకా ఎవరూ సముద్రపు లోతులకు దిగకముందే, నదిలోనే అది దొరకడం అదృష్టం.

నేటి రెగ్యులేటర్లలో అధికభాగం, చెడినప్పుడు గాలిని బంధించక, అధికంగా వదిలిపెట్టేటట్లు కల్పించినవి. ఇది బుద్ధిపూర్వకంగా చేసిన ఏర్పాటు. శీతల దేశాల సరస్సులలో, వ్యాకోచించే గాలి చల్లబడి లోపల మంచు కట్టడం వలన ఇట్లా జరుగుతుంది. మన సముద్రాలలో ఇసుక రేణువో ఉప్పుకణమో ఆ పని చేస్తుంది. నోటిలో గాలి కుండపోతగా క్రుమ్మరిస్తుంటే కొత్తవాడు బెదిరి రెగ్యులేటరును ఉమ్మివేస్తాడు. అట్లా చేయరాదు. పెదవులు వదులు చేసి, అదనపు గాలిని ప్రక్కలనుండి పోనిచ్చి, కావలసినంత పీల్చుకొంటూ పైకి మరలవలెను. లేదా తోడు దిగినవాని వద్ద ఉండే రెండవ గొట్టం అందుకొనవలెను. సిలిండరు కొద్ది నిమిషాలలోనే ఖాళీ అవుతుంది గనుక తాత్సారం పనికిరాదు. ఎంత తొందర ఉన్నా ఊపిరి మాత్రం బిగపట్టరాదు. పైకి వచ్చేకొద్దీ ఊపిరితిత్తులలోని గాలి వ్యాకోచించి వాటిని చీల్చగలదు.

ఇంతకన్న మోసకరమైన లోపం మరొకటి ఉన్నది. సిలిండరు కుళాయి కొద్దిగానే తెరిచి ఉండడం. పడవ మీద అది ఎవరికీ తెలియదు. ఊపిరి హాయిగానే ఆడుతుంది. 30 మీటర్ల లోతున నీటి వత్తిడి పైనున్న దానికి నాలుగు రెట్లు. అక్కడ ఒక్కొక్క ఊపిరికి నాలుగు ఊపిరుల గాలి కావలెను. ఆ ఇరుకు సందులోనుండి అంత గాలి రాదు. కుళాయిని పూర్తిగా తెరిచి పావు చుట్టు వెనుకకు త్రిప్పడం పాత ఆచారం. పొరపాటున పూర్తిగా మూసి పావు చుట్టు తెరిచినవారు ఉండడం చేత, ఇప్పుడు అనేకులైన గురువులు పూర్తిగా తెరిచి వదలివేయమనే చెబుతున్నారు. పరీక్ష సులభం. ప్రెషర్ గేజి ముల్లును చూస్తూ నాలుగు దీర్ఘశ్వాసలు తీయవలెను. ముల్లు కదలకుండా నిలిస్తే సరి. ప్రతి శ్వాసకూ క్రిందికి దిగి మరల లేస్తుంటే కుళాయి తెరుచుకొనలేదన్నమాట. ప్రసారకేంద్రంలో పనిచేసే మాకు ఇది సులభంగా బోధపడుతుంది. ఎర్రదీపం వెలగకముందే మైకును పరీక్షించుకొంటాము. వెలిగిన తరువాత అందుకు వ్యవధి ఉండదు.

పూర్వపు సిలిండర్లతో దిగేవారికి సామాన్యంగా ఈ గేజి ఉండేది కాదు. గాలి తరిగి ఊపిరి బరువెక్కినప్పుడు ఒక కడ్డీ లాగితే, దాచి ఉంచిన గాలి విడుదలయ్యేది. ఆ కడ్డీ ముందుగానే దేనికో తగిలి దిగిపోతే, దాచినదంతా తెలియకుండానే ఖర్చయ్యేది. గేజి వాడుకలోకి వచ్చిన తరువాత ఆ ఏర్పాటు మూలపడినది.

ఇక గాలి సంగతి. పరికరమంతా సక్రమంగా పనిచేస్తూ కూడా ప్రాణం తీయగలదని కూస్తోకు తెలిసినది 1946 ఆగస్టు 27న. ఫ్రాన్సులో వోక్లూజ్ ఊట అని ఒక అగాధమైన గుహాజలం ఉన్నది. ఏటా కొంతకాలం అది హఠాత్తుగా పొంగుతుంది. ఆ రహస్యం కనుగొనడానికి కూస్తో, ఫ్రెడెరిక్ ద్యూమా తాడు పట్టుకొని దిగినారు. లోతుకు పోగానే ఇద్దరి బుద్ధీ మందగించినది. ఎందుకు వచ్చినారో, ఏమి చేయవలెనో తోచలేదు. ద్యూమా స్పృహ తప్పే స్థితికి వచ్చినాడు. కూస్తో తాడు గుంజి ఇచ్చిన సంకేతం పైనున్న మోరిస్ ఫార్గ్‌కు సరిగా అందలేదు. అతడు మొదట తాడు ఇంకా వదిలినాడు. తుదకు అనుమానించి పైకి లాగడం చేతనే ఇద్దరూ బ్రతికినారు. లోతులో కలిగే మత్తే ఇందుకు కారణమని మొదట తలచినారు. తరువాత సిలిండరులో మిగిలిన గాలిని పరీక్షిస్తే కార్బన్ మోనాక్సైడ్ బయటపడినది. గాలి నింపిన కంప్రెసరు తన ఇంజను పొగను తానే పీల్చి సిలిండరులోకి పంపినది!

ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. పైన తలనొప్పి మాత్రమే కలిగించే పాలు, 50 మీటర్ల లోతున ఆరు రెట్ల వత్తిడితో నెత్తురులో కలుస్తుంది. అందువలన కంప్రెసరు గాలి పీల్చే గొట్టం ఇంజను పొగకు దూరంగా, గాలి వీచే దిశకు ఎగువన ఉండవలెను. ఫిల్టర్లు గడువుకు మార్చవలెను. పీల్చినప్పుడు నూనె వాసన తగిలితే ఆ సిలిండరును నిస్సంకోచంగా తిరిగి ఇచ్చివేయవచ్చును. వాసన లేనంత మాత్రాన గాలి మంచిదని కాదు. గాలిని పరీక్ష చేయించిన కాగితం చూపమని అడగడంలో అమర్యాద ఏమీ లేదు.

ఉక్కు సిలిండరులో మరొక చిక్కు ఉన్నది. లోపల ఉప్పునీరు చేరి నెలల తరబడి నిలువ ఉంటే, త్రుప్పు పట్టుతూ గాలిలోని ఆమ్లజనిని హరిస్తుంది. గేజి నిండుగా చూపుతుంది. పీల్చినవాడు తెలియకుండానే స్పృహ తప్పుతాడు. నీరు చొరకుండా సిలిండరులో ఎల్లప్పుడూ కొంత గాలి మిగల్చవలెను. ఏటేటా విప్పి లోపల చూడడం, నియమిత కాలానికి నీటి వత్తిడితో పరీక్షించి ఆ తేదీని సిలిండరు మీదనే ముద్రించడం ఇందుకే.

దిగి వచ్చిన తరువాత పరికరాలను మంచినీటిలో నానబెట్టి కడగవలెను. మొదటి మెట్టు ముఖానికి మూత బిగించకుండా నీటిలో ముంచరాదు. నానుతున్నంతసేపు నోటి భాగం మీది బొత్తాము నొక్కరాదు. నొక్కితే నీరు లోపలికి పోతుంది. దేహాన్ని తేల్చే గాలిజాకెట్టు బొత్తామును మరింత శ్రద్ధగా కడగవలెను. ఉప్పు గడ్డకట్టి అది ఇరుక్కుంటే, జాకెట్టు దానంతట అదే ఉబ్బి మనిషిని వేగంగా పైకి లాగివేస్తుంది. అప్పుడు గొట్టాన్ని ఊడదీసి, జాకెట్టులోని గాలిని వదలడం ముందుగానే అభ్యసించి ఉండవలెను. కుళాయి దగ్గర ఉండే రబ్బరు వలయం వెల కొద్ది రూపాయలే. అది పగిలినా, గాటు పడినా మార్చవలసినదే. మాస్కు పట్టీ, కాలిరెక్కల పట్టీ సామాన్యంగా మొదట తెగేవి. ఆరబెట్టేటప్పుడు వాటిని ఎండలో గాక నీడలో వ్రేలాడదీసి, సంచిలో కొత్తవి ఒక జత ఉంచుకొంటే సరిపోతుంది.