నిద్రను దోచుకొను మందు

(శతవార్షికోత్సవ సందర్భమున కుటుంబముల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



నూరేండ్ల పండుగనాడు గడచిన మేలులను తలంచుకొనుట సంతోషము. అయితే మాకు అప్పగించిన అంశము సంతోషకరమైనది కాదు. మెథాంఫెటమిన్ అను మాదకద్రవ్యము మనిషి శరీరమును ఏమి చేయును, అప్పుడు ఇంటివారు ఏమి చేయవలెను అనునదే ఆ అంశము. పండుగ పూట ఈ మాట ఎందుకని కొందరు అడిగిరి. అది మన ఇండ్లలోనికి వచ్చినది గనుక అని మాత్రమే మేము చెప్పగలము.

మన పెద్దలకు కల్లు తెలియును, సారా తెలియును. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిన సంగతియు, ఆ ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించి 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధము వచ్చిన సంగతియు మనలో అనేకులకు జ్ఞాపకమే. సారా శత్రువే గాని, కంటికి కనబడు శత్రువు. త్రాగినవాడు తూలును, వాసన వచ్చును, మాట తడబడును. ఇల్లాలికి గుమ్మములోనే తెలిసిపోవును.

ఈ మందు అట్టిది కాదు. ఇది తెల్లని పొడిగానో, మాత్రగానో, పటికబెల్లపు పలుకుల వంటి స్ఫటికములుగానో ఉండును. వీధిలో దీనిని ఐస్ అనియు, క్రిస్టల్ అనియు, మెత్ అనియు అందురు. కొందరు మ్రింగుదురు, కొందరు పొగగా పీల్చుదురు, కొందరు సూదితో ఎక్కించుకొందురు. మనము అలవాటుగా మత్తుమందు అనుచున్నాము గాని, ఇది నిద్రపుచ్చునది కాదు, నిద్రను తరిమివేయునది. తీసికొన్నవాడు మొదట మగతగా పడియుండడు. చురుకుగా తిరుగును, గలగల మాటలాడును, రాత్రంతయు మేలుకొని పని చేయును, ఆకలి అనడు. తండ్రి అది చూచి, మావాడికి బుద్ధి వచ్చినదని సంతోషించును. ఇందులోని మోసము ఇదే.

దీని చరిత్రయు ఆ మోసమునే చెప్పుచున్నది. 1893లో జపాను శాస్త్రజ్ఞుడు నాగాయి నాగయోషి దీనిని మొదట తయారుచేసెను. 1938లో జర్మనీలో పెర్విటిన్ అను పేరుతో ఇది అమ్మకమునకు వచ్చెను. రెండవ ప్రపంచ యుద్ధములో సైనికులు అలసట తెలియక మేలుకొని ఉండుటకు దీనిని ఇచ్చిరి. జపానులో ఫిలోపాన్ అను పేరుతో ఇట్లే వాడిరి. యుద్ధము ముగిసిన పిమ్మట ఆ దేశములో వ్యసనము ఎంతగా ప్రబలెననగా, 1951లో దానికై ప్రత్యేక చట్టము చేయవలసి వచ్చెను. శ్రమకు సాయమని ఇచ్చినది సంకెల ఆయెను. అది ఎక్కడి కథయో అనుకొనరాదు. 2024 నవంబరులో మన తీర రక్షక దళము అండమాను సముద్రములో ఒక్క చేపల పడవలోనే 5,500 కిలోలకు పైగా ఈ మందును పట్టుకొనెను.

ఇప్పుడు మా తప్పిదమును చెప్పవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములోని ఒక యువకుడు నగరములో రాత్రివేళ కారు నడుపు పనిలో చేరెను. మొదట ఇంటికి డబ్బు బాగుగా పంపెను. రెండేండ్లు తిరుగకముందే చిక్కి శల్యమై తిరిగి వచ్చెను. పండ్లు పుచ్చిపోయినవి. ఎవరో వెంటాడుచున్నారని తలుపు గడియ వేసికొని కూర్చుండును. చర్మము క్రింద పురుగులు ప్రాకుచున్నవని చేతులు రక్తము వచ్చునట్లు గోకుకొనును. తల్లి ఏడ్చుచు మాయొద్దకు వచ్చినది. చేతబడి అని కొందరు, దయ్యము అని కొందరు అనగా మేము కాదనలేదు. మూడు వారములు ఆ ఇంట ప్రార్థన కూటములు జరిపితిమి. ప్రార్థించుట తప్పు కాదు. వైద్యుని యొద్దకు తీసికొనిపొండని చెప్పకపోవుట మా తప్పు. వేదాంత కళాశాలలో చదివి పట్టము పుచ్చుకొన్న మాకు ఆ ఒక్క మాట తోచలేదు. చివరకు ఒక రాత్రి గుండెనొప్పి వచ్చి ఆసుపత్రికి మోసికొనిపోయినప్పుడు, గుండె కండరము బలహీనపడినదనియు, దానికి కారణము ఈ మందే అనియు వైద్యులు చెప్పిరి. ఆ మూడు వారములు మేము పోగొట్టినవే.

వైద్యులు మాకు వివరించిన దానిని మీకు చెప్పుచున్నాము. మన మెదడులో డోపమైన్ అను పదార్థము కలదు. మంచి భోజనము చేసినప్పుడు, బిడ్డను ఎత్తుకొన్నప్పుడు సంతోషము కలుగుటలో దానికి పాత్ర కలదు. ఈ మందు ఆ పదార్థమును ఒక్కసారిగా వరదవలె వదలును. ఆ వరద పదే పదే వచ్చినచో మామూలు సంతోషములు రుచింపవు. మందు ఉంటేనే మనిషి మనిషిగా ఉన్నట్లు తోచును. ఇక గుండె వేగము, రక్తపు పోటు పెరుగును. చిన్న వయస్సులోనే గుండెపోటు, పక్షవాతము రావచ్చును. శరీరపు వేడి ప్రాణము తీయునంతగా పెరుగవచ్చును. నోరు ఎండుట, పండ్లు కొరుకుట, శుభ్రత మరచుట వలన దంతములు పాడగును. దినముల తరబడి నిద్ర లేక అనుమానములు, లేని ధ్వనులు వినబడుట కలుగును. ఒకరి సూది ఒకరు వాడుకొన్నచో హెచ్.ఐ.వి., కాలేయపు వ్యాధులు అంటును. గర్భిణి తీసికొన్నచో బిడ్డ నెలలు నిండకముందే, తక్కువ బరువుతో పుట్టవచ్చును.

మానుట సాధ్యమా? సాధ్యమే. అయితే ఒక సంగతి తెలిసికొనవలెను. మానిన మొదటి దినములలో ఆ మనిషి నిద్రపోవుచుండును, ఎక్కువగా తినును. ఆ తరువాత వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు, దేనిలోను సంతోషము లేక కూర్చుండును. చావవలెనను తలంపు వచ్చు కాలము కూడ అదే. ఇంటివారు సోమరి అని తిట్టునది కూడ అప్పుడే. అది సోమరితనము కాదు, మెదడు గాయము మానుచున్న కాలము. సంవత్సరమునకు పైగా మానిన వారి మెదడును పరీక్షించి 2001లో ప్రకటించిన పరిశోధనలో, చెడిన డోపమైన్ భాగములు చాలవరకు కోలుకొన్నట్లు కనబడెను. అయితే జ్ఞాపకశక్తి, చేతిచురుకు అంత త్వరగా తిరిగి రాలేదు. ఈ వ్యసనమును మాన్పుటకని ప్రత్యేకముగా ఆమోదింపబడిన మాత్ర ఇంకను లేదు. ఓపికగా మాటలాడి ఆలోచనను, అలవాటును మార్చు చికిత్సలు, మందు ముట్టని ప్రతి వారమునకు చిన్న బహుమానమిచ్చి ప్రోత్సహించు పద్ధతి మేలు చేయుచున్నవి. అన్నిటికి కావలసినది కాలము, తోడు.

పోలీసులు పట్టుకొందురను భయముతో అనేకులు దాచుచున్నారు. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టములోని 64ఎ సెక్షను, స్వంత వాడుకకో కొద్ది పరిమాణములోనో పట్టుబడిన వ్యసనపరుడు తనంతట తాను చికిత్సకు వచ్చి దానిని పూర్తిచేసినచో, అతనికి అభియోగమునుండి రక్షణ ఇచ్చుచున్నది. 14446 అను నంబరుకు ఉచితముగా ఫోను చేసి సలహా అడుగవచ్చును. గుండెనొప్పి, మూర్ఛ, విపరీతమైన వేడి, అదుపు తప్పిన భయము కనబడినచో వాదన పెట్టుకొనక 108కి ఫోను చేయుడి.

తలిదండ్రులారా, బిడ్డ అకస్మాత్తుగా నిద్ర లేకుండ చురుకైనచో సంతోషించుటకు ముందు కారణమడుగుడి. యువజనులారా, పరీక్షకనియు, రాత్రి పనికనియు ఎవరైన ఈ పలుకులు చేతిలో పెట్టినచో, అది అప్పుగా తెచ్చుకొన్న బలమని, వడ్డీ శరీరము కట్టవలెనని ఎరుగుడి. పెద్దలారా, ఆ ఇంటిని గూర్చి దేవాలయపు మెట్లమీద గుసగుసలాడకుడి.

ఆ యువకుడు నేడు బ్రతికి ఉన్నాడు. బరువు ఎత్తలేడు, గుండెకు మాత్రలు మ్రింగుచున్నాడు. ఆదివారమున వెనుక వరుసలో తల్లి ప్రక్కన కూర్చుండును. మొదటి ఆరు నెలలు వారి ప్రక్క బల్లపై ఎవరును కూర్చుండలేదు. ఒకనాడు సంఘములోని ఒక ముసలి తాతగారు కర్ర పోటు వేసికొనుచు వచ్చి అతని ప్రక్కన కూర్చుండి, "ఏరా అబ్బాయీ, అన్నము తిన్నావా?" అని అడిగెను. మా మూడు వారముల కూటములకంటె ఆ ప్రశ్నయే ఎక్కువ పని చేసినదని ఆ తల్లి మాతో చెప్పినది. రాబోవు నూరేండ్లలో మన సంఘములు ఆ ప్రశ్న అడుగుట నేర్చుకొనవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాము.