వాగు బాగుపడితే ఒడ్డు కూడా బాగుపడాలి

 

వాగుల్లో పూడిక తీయాలి, వాగును బాగు చేయాలి అనే మాట మన ఊళ్లలో వినిపిస్తోంది. మంచి మాటే. అయితే వాగంటే నీళ్లొక్కటే కాదు. ఒడ్డున ఉన్న ఏరుమద్ది, నేరేడు, కానుగ, వావిలి, రెల్లు అన్నీ కలిస్తేనే వాగు. బాగు చేసే పనిలో ఈ మొక్కలకు ఏమవుతుంది? హాస్టల్ పిల్లలకు మేము చెప్పే ఒక నది కథ మీకూ చెబుతాం.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఎల్వా అనే నది ఉంది. అది క్లాలం ఆదివాసులది. దాని మీద 1913 నాటికి ఒక కరెంటు డ్యాము, 1927లో ఇంకొకటి కట్టారు. సాల్మన్ చేపలు ఎగువకు పోలేకపోయాయి. తమ జాతి పుట్టిన చోటని క్లాలం వాళ్లు నమ్మే స్థలం నీటిలో మునిగింది. దిగువన ఒడ్డు మొక్కలకూ దెబ్బే. నీటి మీద తేలివచ్చే విత్తనాలు, అవి మొలవడానికి కావలసిన ఒండ్రు డ్యాముల వెనుకే ఆగిపోయాయి.

క్లాలం వాళ్లు ఏళ్ల తరబడి పట్టుబట్టారు. 1992లో చట్టం వచ్చింది. 2011లో పని మొదలుపెట్టి 2014 కల్లా రెండు డ్యాములూ తీసేశారు. నీళ్లు దిగాక సుమారు 800 ఎకరాల నేల బయటపడింది. మెత్తటి ఒండ్రు ఉన్నచోట విల్లో, కాటన్‌వుడ్, ఆల్డర్ చెట్లు వాటంతటవే మొలిచాయి. గులకరాళ్ల నేలలో తేమ నిలవదు కాబట్టి అక్కడ మొక్క తొందరగా రాలేదు. ఆ చోట్ల లూపిన్ విత్తనాలు చల్లారు. అది మన జనుములాగా నత్రజనిని పట్టి నేలకు సారమిచ్చే మొక్క. ఆ లోయలోనే ఏరిన విత్తనాలతో నర్సరీ పెంచి నాటారు. బయటి నుంచి వచ్చిన కలుపును పీకారు. ఈ పనిలో నేషనల్ పార్కు సిబ్బందితో పాటు క్లాలం వాళ్లూ చేయి కలిపారు. మునిగిన వాళ్ల స్థలం మళ్లీ కనబడింది.

మన వాగులకు ఇందులోంచి తీసుకోవలసింది ఉంది. మిషన్ దిగకముందే పెద్దవాళ్లను వెంటబెట్టుకుని ఒడ్డంతా నడవండి. ఏ మొక్క ఎక్కడుందో మన భాషలో దాని పేరుతో రాసుకోండి. రెండు ఒడ్లూ నున్నగా గీకనివ్వకండి. వేళ్లు పోతే మట్టి జారుతుంది, ఖాళీ అయిన నేలను లాంటానా ఆక్రమిస్తుంది. నాటాలంటే మన వాగు విత్తనమే ఏరండి. ఏరుమద్ది కాయకు రెక్కలుంటాయి, నీళ్లలో కొట్టుకుపోయి దిగువన మొలుస్తుంది. అందుకని ఎగువన ఉన్న తల్లి చెట్లను ముందు కాపాడాలి. లేత మొక్కలు నిలదొక్కుకునేదాకా మేకలను అటు పోనివ్వకూడదు.

ఇదంతా అడిగే హక్కు మనకుంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో అభివృద్ధి పనుల ప్రణాళికను మొదలుపెట్టకముందే గ్రామసభ ఆమోదించాలని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. గ్రామసభకు వెళ్లండి. ఎన్ని మీటర్లు తవ్వుతారని ఎలాగూ అడుగుతారు. ఒడ్డున ఏ చెట్లు ఉంచుతారు, తర్వాత ఏవి నాటుతారు, ఎవరు కాపలా కాస్తారు అని కూడా అడగండి. జవాబు మినిట్స్ పుస్తకంలో రాయించాకే సంతకం పెట్టండి.